జూమ్ హెచ్1ఎన్: మాటను విడిగా పట్టి బొమ్మతో కలుపుకునేవారికి

ఫోనుతోనో చిన్న డీఎస్ఎల్ఆర్ కెమెరాతోనో వీడియోలు తీసేవారిలో చాలామంది మొదట లెన్సు మీద, ఆ తర్వాత లైట్ల మీద డబ్బు పెడతారు. మాట సంగతి ఎడిటింగుకు కూర్చున్నాక గాని గుర్తుకు రాదు. అప్పటికి చేయగలిగింది పెద్దగా మిగలదు. గదిలో ఫ్యాను రొద, వీధిలో ఆటోల మోత, గోడలకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని అన్నీ మాటతో కలిసి ఒకే ముద్దగా రికార్డయి ఉంటాయి. మైకును కెమెరా నుంచి విడదీసి, మాట్లాడే మనిషి దగ్గర వేరే యంత్రంలో ధ్వనిని రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్లో రెండింటినీ కలపడం సినిమావాళ్లకు కొత్త కాదు. ఆ పద్ధతిని ఇంటి స్థాయికి దించిన చిన్న రికార్డర్లలో జపాను కంపెనీ జూమ్ 2018లో తెచ్చిన హెచ్1ఎన్ ఒకటి. ఊళ్లలో పెద్దవాళ్ల చేత పాత పాటలు పాడించి, కథలు చెప్పించి వీడియోలుగా భద్రపరిచే పనిలో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను. యంత్రం గురించి ఎంత రాయాలో, అది పట్టిన మాటను బొమ్మతో కలిపే పని గురించీ అంతే రాయాలి. ఆ పని చేయడానికి ఓపిక లేనివారు ఈ రికార్డరు కొనకపోవడమే మేలు.

ముందుగా దూరం లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ యంత్రం విలువంతా అందులోనే ఉంది. నోటి నుంచి మైకు ఉన్న దూరం సగమైన ప్రతిసారీ మైకుకు చేరే మాట సుమారు 6 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలత) పెరుగుతుంది; గది నిండా పరుచుకున్న ఫ్యాను రొద మాత్రం ఉన్నంతే ఉంటుంది. కెమెరా మనిషికి 3 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, మైకును 40 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చినప్పుడు మాటకు దాదాపు 17 డెసిబెల్స్ అదనపు బలం వస్తుంది. వేలకు వేలు పోసి కొన్న మైకును కెమెరా నెత్తిన బిగించినా ఈ తేడాను అది పూడ్చలేదు. అందుచేత హెచ్1ఎన్ గొప్పతనం దాని మైకుల నాణ్యతలో కంటే, కెమెరా వెళ్లలేని చోటికి అది వెళ్లగలగడంలో ఉందని నా అభిప్రాయం. బ్యాటరీలు లేకుండా సుమారు 60 గ్రాముల బరువు. అడుగున సాధారణ ట్రైపాడ్ మర ఉంది. బల్ల మీద తాంబూలం పళ్లెం వెనకో, మంచం కోడు పక్కనో, ఫ్రేములో పడకుండా ఎక్కడైనా ఒదిగిపోతుంది.

ఇక్కడొక చిన్న పక్కదారి. ఫిల్ము కెమెరాల కాలంలో బొమ్మా ధ్వనీ విడివిడిగా పట్టుకోవడం ఇష్టాయిష్టాల విషయం కాదు, తప్పనిసరి. స్టీఫన్ కుడెల్స్కి 1951లో స్విట్జర్లాండులో తయారుచేసిన నాగ్రా టేపు రికార్డర్లు ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా షూటింగుల్లో ధ్వనికి ఆధారమయ్యాయి. కెమెరా వేగానికీ టేపు వేగానికీ పొత్తు కుదర్చడానికి టేపు మీదే ఒక సంకేతాన్ని కూడా రికార్డు చేసేవారు. ఆ సంకేతం చేసిన పనిని ఇప్పుడు మన దగ్గర సాఫ్టువేరు చేస్తోంది. పూర్తిగా చేస్తోందా అంటే, పూర్తిగా కాదు. ఆ సంగతి కిందికి వస్తుంది.

యంత్రం చూడడానికి అరచేతిలో ఇమిడే నల్లని ప్లాస్టిక్ డబ్బా. తల మీద ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో రెండు మైకులు ఉంటాయి, వాటికి ప్లాస్టిక్ పంజరం రక్ష. నలుపు తెలుపు తెర చిన్నదే అయినా పగటి వెలుతురులో అంకెలు స్పష్టంగా కనబడతాయి. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది. ఆల్కలైన్ బ్యాటరీలతో సుమారు 10 గంటలు పనిచేస్తుందని కంపెనీ చెబుతుంది. చార్జింగు సదుపాయం లేకపోవడం పట్నంలో కూర్చున్నవారికి లోటుగా తోచవచ్చు గాని, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, ఏ కిరాణా కొట్లోనైనా దొరికే బ్యాటరీలతో నడిచే యంత్రమే నమ్మకమైనది. మైక్రో ఎస్డీ కార్డు 32 జీబీ వరకే తీసుకుంటుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు గంటకు ఒక జీబీకి కాస్త పైన ఆక్రమిస్తుంది కాబట్టి ఆ కార్డులో దాదాపు 30 గంటలు పడుతుంది. ఒక్క పండగకు, ఒక్క పెళ్లికి చాలినంత కంటే ఎక్కువే.

అన్నింటికంటే నాకు నచ్చినది ముందువైపునే ఉన్న చక్రం. ధ్వని స్థాయిని మెనూల్లోకి వెళ్లి వెతకనక్కరలేదు; 0 నుంచి 10 వరకు అంకెలున్న చక్రాన్ని వేలితో తిప్పితే సరిపోతుంది. మాట్లాడే మనిషిని ఊరికే ‘ఒకటి రెండు మూడు’ అనమంటే ఎప్పుడూ నెమ్మదిగానే అంటారు, అసలు కథలోకి దిగాక గొంతు పెంచుతారు. అందుకని పొద్దున ఏం తిన్నారో అడిగి, నవ్వించి, ఆ నవ్వు తెర మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తాకేలా చక్రాన్ని నిలపడం మంచిది. ఆటో లెవెల్ అనే సదుపాయం ఉంది. దాని జోలికి పోవద్దనే చెబుతాను. మాటల మధ్య మౌనం వచ్చినప్పుడల్లా అది స్థాయిని పైకి లాగుతుంది, అప్పుడు ఫ్యాను రొద ముందుకొచ్చి, మాట మొదలవగానే మళ్లీ వెనక్కి పోతుంది. ఈ ఎగుడుదిగుడును ఎడిటింగులో సరిచేయడం బహుకష్టం. ధ్వని హద్దు దాటబోతే తానే నొక్కిపట్టే లిమిటరును మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి. పాడేవారు హఠాత్తుగా పై స్థాయికి వెళ్లినప్పుడు అది కాపాడుతుంది. అయితే స్థాయిని మొదటే ఎక్కువగా పెట్టి లిమిటరు మీద భారం వేస్తే, చదునుగా నొక్కేసిన గొంతు మిగులుతుంది. అడుగు స్థాయి ధ్వనులను కోసేసే లో కట్ బటనుకు 80, 120, 160 హెర్ట్జ్ అనే మూడు మెట్లున్నాయి. సీలింగు ఫ్యాను గాలి హోరు, దూరాన లారీ గుర్రు అడుగు స్థాయిల్లో ఉంటాయి కనుక మాటలకు 80 ఎప్పుడూ క్షేమం. మృదంగం ఉన్నచోట అదీ వద్దు. ఎడమవైపు తొప్పి గుమికి అలాంటి కోతతో బలం పోతుంది.

ఈ యంత్రం నడవడికలో ఒక గుణం వాడితే గాని తెలియదు. పల్నాడు వైపు ఒక ఇంట్లో నాట్ల పాటలు పాడే ముసలమ్మ దగ్గర దీన్ని పీట మీద నిలబెట్టినప్పుడు, ‘ఇదేంటి నాయనా, టీవీ రిమోటా?’ అని అడిగింది. ‘కాదు నాయనమ్మా, నీ పాట దీంట్లోకి ఎక్కుతుంది’ అన్నాను. ఇంకోసారి అటు చూడకుండా, మనవరాలి జడ దువ్వుతూ, పాట అందుకుంది. కెమెరా వంకైతే బిగుసుకుపోయి చూసేవారు కూడా ఈ నల్ల డబ్బాను ఇట్టే మరిచిపోతారు. ఆ పాటలో దువ్వెన పళ్లు చిక్కులో తగిలిన చిరుశబ్దం కూడా వినబడుతుంది. గది అవతలి మూలన ఉన్న కెమెరా పట్టుకున్న ధ్వనిలో పాట చరణాలే సరిగా విడలేదు.

అదే పీటను ఎవరైనా కాలితో తాకితే, ఆ తాకిడి ధ్వని కూడా గొంతంత పెద్దగానే లోపలికి వెళుతుంది. ప్లాస్టిక్ ఒంటికి చేతి రాపిడి, బల్ల అదురు సులువుగా ఎక్కుతాయి. చేత్తో పట్టుకుని రికార్డు చేయడం దాదాపు అసాధ్యమనే చెప్పాలి. చిన్న ట్రైపాడ్ మీద నిలబెట్టి, దాని కింద నాలుగు మడతలు వేసిన తువ్వాలు పరిస్తే ఆ అదురు చాలావరకు తగ్గుతుంది. ఆరుబయట గాలి ఇంకో శత్రువు. పెట్టెలో గాలిని ఆపే తొడుగు రాదు, విడిగా కొనుక్కోవాలి. నురుగు తొడుగు ఫ్యాను గాలికి చాలుతుంది. పొలం గట్టు మీద అయితే బొచ్చు తొడుగే గతి. ఇక చాలా నెమ్మదిగా మాట్లాడేవారి దగ్గర చక్రాన్ని 8, 9 దాకా తిప్పితే వెనక సన్నని ‘సుయ్’ మనే శబ్దం తెలుస్తుంది. ఈ ధరల శ్రేణిలోని రికార్డర్లన్నింటికీ ఉన్న హద్దే ఇది. మైకును ఇంకాస్త దగ్గరికి జరపడం తప్ప దీనికి మందు లేదు.

దగ్గరికి జరపడానికి వీలు లేనప్పుడు కాలర్ మైకు వాడుకోవచ్చు. హెచ్1ఎన్‌కు 3.5 మిల్లీమీటర్ల ఇన్‌పుట్ ఉంది, చిన్న మైకులకు కావలసిన విద్యుత్తును అదే ఇస్తుంది. మన దగ్గర చాలామంది చేతుల్లో కనబడే బోయా బీవై-ఎం1 కాలర్ మైకును దీనికి తగిలించేవారు ఒక్క విషయం గమనించాలి: ఆ మైకు తీగ మీదున్న చిన్న డబ్బీలో ఫోనుకు ఒకవైపు, కెమెరాకు ఇంకోవైపు జరిపే మీట ఉంటుంది. రికార్డరుకు కెమెరా వైపే పెట్టాలి, అప్పుడు డబ్బీ లోపలి ఎల్ఆర్44 గుండు బ్యాటరీ పనిచేస్తుంది. పని అయ్యాక మీటను వెనక్కి జరపకపోతే మరుసటి వారానికి ఆ బ్యాటరీ ఉండదు. రికార్డరును చొక్కా జేబులో వేసి, మైకును కండువా అంచుకు తగిలిస్తే, మనిషి నడుస్తూ పొలం చూపిస్తున్నా మాట ఒకే తీరుగా వస్తుంది. కెమెరాకు తీగతో కట్టేసి ఉంటే ఈ స్వేచ్ఛ ఉండదు.

ఈ పనికి ఇంట్లో ఉన్న రెండో ఫోను చాలదా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఏదైనా కొనేముందు కాలర్ మైకును పాత ఫోనుకు తగిలించి, వాయిస్ రికార్డరు యాప్‌తో ఒకసారి పని నడిపి చూడమనే నేనూ చెబుతాను. చాలామందికి అదే సరిపోతుంది కూడా. అయితే చాలా ఫోన్లు ధ్వని స్థాయిని తామే ఎత్తుతూ దించుతూ ఉంటాయి, రొదను తగ్గించే పేరుతో మాట అంచులను గీకేస్తాయి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. అన్నింటికీ మించి, రికార్డు అవుతున్నది ఆ క్షణంలోనే హెడ్‌ఫోన్స్‌లో వినే సదుపాయం చాలా ఫోన్లలో ఉండదు. హెచ్1ఎన్‌లో అది ఉంది. ‘రికార్డయింది’ అనుకోవడానికీ ‘రికార్డవుతుండగా విన్నాను’ అనడానికీ మధ్య తేడా, మళ్లీ పాడించుకోలేని పెద్దవాళ్ల దగ్గర పనిచేసేవారికి బాగా తెలుసు. వైర్‌లెస్ మైకుల జతలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి, వాటిలో కొన్ని లోపల కూడా రికార్డు చేస్తాయి. ఒక్క మనిషి మాటకు అవి సౌకర్యమే. నలుగురు కూర్చుని కోలాటం పాటలు పాడితే రెండు కాలర్ మైకులతో పని జరగదు, అక్కడ మధ్యలో నిలబెట్టిన స్టీరియో రికార్డరే నయం.

ఇక కలపడం. దీనికి హెచ్1ఎన్ తరఫున కావలసిన ప్రత్యేక సదుపాయాలు దాదాపు ఏమీ లేవు. టైమ్‌కోడ్ (ప్రతి క్షణానికీ ఫైలు మీద పడే గడియారపు ముద్ర) లేదు, కెమెరాతో మాట్లాడుకునే మార్గం లేదు. సంకేత ధ్వనిని పుట్టించే సదుపాయం ఒకటి ఉంది గాని ఊళ్లలో తిరిగే పనికి దాని అవసరం అంతగా పడదు. అసలు కావలసినది ఒక్కటే: కెమెరా కూడా తన మైకుతో ధ్వనిని రికార్డు చేస్తూ ఉండాలి. ఎలాగూ పనికిరాదు కదా అని కెమెరా మైకును ఆపేసేవారు తమ చేతులతోనే తమ పనిని నాలుగింతలు చేసుకుంటున్నారు. ఆ ధ్వని ఎంత ముద్దగా ఉన్నా, దాని ఎత్తుపల్లాలు రికార్డరు ధ్వని ఎత్తుపల్లాలతో పోలుతాయి, ఆ పోలికను పట్టుకునే సాఫ్టువేరు రెండింటినీ ఒక వరసలో పెడుతుంది. ఒకప్పుడు దీనికోసం ప్లూరల్ ఐస్ లాంటి ప్రత్యేక సాఫ్టువేరు కొనేవారు. ఇప్పుడు ఎడిటింగు సాఫ్టువేరులలోనే ఈ పని కలిసి వస్తోంది.

నేను వాడేది బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి డావించి రిజాల్వ్, అందులోనూ డబ్బు కట్టనక్కరలేని కూర్పు. వీడియో క్లిప్పులనూ రికార్డరు ఫైలునూ మీడియా పూల్‌లోకి తెచ్చి, రెండింటినీ ఎంచుకుని, మౌసు కుడి బటను నొక్కితే వచ్చే పట్టీలో ఆటో సింక్ ఆడియో ఉంటుంది. అందులో వేవ్‌ఫామ్ (ధ్వని ఎత్తుపల్లాల గీత) ఆధారంగా కలపమనాలి. కెమెరా ధ్వనిని తీసేయకుండా దాని పక్కనే కొత్త ట్రాకును చేర్చమనే మార్గం కూడా అక్కడే ఉంది, దాన్నే ఎంచుకోవడం మంచిది; తర్వాత కెమెరా ట్రాకును మ్యూట్ చేసుకోవచ్చు, అనుమానం వచ్చినప్పుడు తెరిచి పోల్చుకోవచ్చు. రికార్డరును పొద్దున ఆన్ చేసి వదిలేసి, కెమెరాను మాత్రం మధ్యమధ్య ఆపుతూ తీసినా ఇబ్బంది లేదు; ఒకే పొడవాటి ధ్వని ఫైలుకు ఎన్నో క్లిప్పులను అది విడివిడిగా జతచేస్తుంది.

సాఫ్టువేరు చేతులెత్తేసే సందర్భాలు ఉంటాయి. కెమెరా గుడి ప్రాంగణం అవతల, పక్కనే లౌడ్‌స్పీకరు. రికార్డరు హరికథ చెప్పేవారి పాదాల దగ్గర. రెండూ విన్నవి రెండు వేర్వేరు లోకాలు, పోలిక దొరకదు. అలాంటప్పుడు చేత్తో కలపాలి, దానికి తటాలున మొదలయ్యే పదునైన శబ్దం ఒకటి కావాలి. సినిమాల్లో క్లాప్ బోర్డు చేసేది ఆ పనే. కెమెరాకు కనబడేలా ఒక్క చప్పట కొడితే చాలు. చేతులు కలిసిన ఫ్రేమునూ (వీడియోలో ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) ధ్వని శిఖరాన్నీ ఒకచోట చేరుస్తాం. పెద్దవాళ్ల ముందు చప్పట్లు కొట్టడం ఎబ్బెట్టుగా ఉంటుందనిపిస్తే, మన కళారూపాల్లోనే అలాంటి శబ్దాలకు కొదవ లేదు: హరిదాసు చిడతలు, బుర్రకథలో బొటనవేలి అందె, మృదంగం మీద ‘నం’ అనే దెబ్బ, అన్నీ పదునైన అంచుతోనే మొదలవుతాయి. ఉత్త మాటలే ఉన్న వీడియోలో అయితే పెదవులు రెండూ కలిసి విడిపోయే అక్షరాలను వెతకాలి. ప, ఫ, బ, భ, మ అనే ఓష్ఠ్యాలు పలికేటప్పుడు పెదవులు మూసుకోక తప్పదు. ‘అమ్మ’, ‘పాప’, ‘బాబు’ లాంటి మాట ఒకటి దొరికించుకుని, పెదవులు విడివడిన ఫ్రేములోనే ‘ప’ పేలుతోందా లేదా అని చూస్తే కలయిక సరిగా ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. క, త, చ లాంటి వాటి దగ్గర ఈ పరీక్ష పెట్టుకుంటే కళ్లు మోసపోతాయి.

ఎంత తేడా వరకు ఫరవాలేదు అనేదానికి లెక్క ఉంది. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫారసు ప్రకారం, ధ్వని బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందుకొస్తే చూసేవారు గుర్తుపడతారు. వెనకబడితే మాత్రం సుమారు 125 మిల్లీసెకన్ల దాకా గుర్తుపట్టరు. ఈ పక్షపాతానికి కారణం మన అనుభవమే. చెరువు అవతలి గట్టున బండకేసి బట్ట బాదినప్పుడు చేయి కిందికి దిగాకే చప్పుడు మనకు చేరుతుంది. దూరపు శబ్దం ఆలస్యంగా రావడం మెదడుకు అలవాటు, ముందే రావడం ఎన్నడూ చూడనిది. కాబట్టి అనుమానంగా ఉన్నచోట ధ్వనిని ఒక ఫ్రేము వెనక్కి వదిలేయవచ్చు గాని ముందుకు జరపకూడదు.

ఈ ఆలస్యం లెక్కే ఇంకోచోట అడ్డం పడుతుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే వేదికకు 30 మీటర్ల దూరంలో ఉన్న కెమెరా మైకుకు మాట 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. సాఫ్టువేరు రికార్డరు ధ్వనిని కెమెరా విన్న ధ్వనితోనే కలుపుతుంది, కెమెరా చూసిన బొమ్మతో కాదు. ఫలితంగా వేవ్‌ఫామ్‌లు ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నా, దగ్గరి షాటులో పెదవులకు మాట రెండు ఫ్రేములు వెనకబడి ఉంటుంది. పైన చెప్పిన హద్దుల్లోనే ఉంది కదా అని వదిలేయవచ్చు. కాని మృదంగం మీద చేయి కనబడుతుంటే ఆ రెండు ఫ్రేములు కంటికి తెలుస్తాయి. కలిపాక ధ్వనిని రెండు ఫ్రేములు ముందుకు లాగడం ఇలాంటిచోట మాత్రం అవసరం.

అసలు తలనొప్పి కచేరీ నిడివిలో ఉంది. మొదట్లో చక్కగా కలిసిన మాట, గంట గడిచేసరికి పెదవులకు దూరమవుతుంది. దీనికి 44.1, 48 కిలోహెర్ట్జ్ తేడా (సెకనుకు ధ్వనిని ఎన్ని వేలసార్లు కొలుస్తారన్న తేడా) కారణమని చాలామంది అనుకుంటారు. ఆ తేడాను సాఫ్టువేరే సర్దుతుంది, దోషం దానిది కాదు. కెమెరాలోనూ రికార్డరులోనూ కాలాన్ని కొలిచేది చెరొక క్వార్ట్జ్ స్ఫటికం. రెండు స్ఫటికాలు ఒకే వేగంతో కొట్టుకోవు. వేడికి కూడా వాటి వేగం మారుతుంది. ఎండలో ఉన్న కెమెరా, పందిరి కింద ఉన్న రికార్డరు ఒకే గంటను ఒకేలా కొలవవన్నమాట. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకుంటే 3600 సెకన్లకు అది 72 మిల్లీసెకన్లవుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు కాబట్టి గంటకు దాదాపు రెండు ఫ్రేముల జారుడు. ధ్వని వెనక్కి జారితే చాలాసేపు ఎవరికీ తెలియదు, ముందుకు జారితే ముప్పావు గంటకే తెలుస్తుంది. ఖరీదైన రికార్డర్లలో ఈ తేడా చాలా తక్కువ, పైగా టైమ్‌కోడుతో కెమెరానూ రికార్డరునూ ముడివేసే ఏర్పాట్లుంటాయి. హెచ్1ఎన్ నుంచి అంత ఆశించకూడదు.

దీన్ని దాటే ఉపాయం సులువే. కెమెరాను గంటలకొద్దీ ఏకబిగిన తిప్పకుండా, ఒక్కో పాటకో ఒక్కో ఘట్టానికో ఆపి మళ్లీ మొదలుపెడితే, ప్రతి క్లిప్పూ కొత్తగా కలుస్తుంది గనుక జారుడు పోగుపడదు. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయే గుణం ఉంది. అందరూ తిట్టుకునే ఆ గుణం ఇక్కడ మేలే చేస్తుంది. ఏకబిగిన తీయక తప్పని కార్యక్రమమైతే మొదటా చివరా రెండుచోట్లా కలయికను పరీక్షించి, మధ్యలో నిశ్శబ్దం దొరికినచోట ధ్వనిని కోసి, ఒక్కో ఫ్రేము సర్దుకుంటూ రావాలి. పాట మధ్యలో మాత్రం కోయకూడదు, శ్రుతిలో ఆ కోత పట్టుబడుతుంది.

ఫోనుతో తీసిన వీడియోలకు ఇంకో చిక్కు ఉంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి, తమ మీద భారాన్ని బట్టి సెకనుకు ఫ్రేముల సంఖ్యను మారుస్తూ పోతాయి. అలాంటి ఫైలును నేరుగా టైమ్‌లైన్ మీద పెడితే ధ్వని కాసేపు కలిసి కాసేపు విడిపోతూ, ఎక్కడ సరిచేస్తే ఇంకోచోట చెడుతుంది. నిదానంగా ఒక దిక్కుకే జారితే దోషం స్ఫటికాలది, అటూ ఇటూ గంతులేస్తే దోషం ఫోను ఫ్రేములది అని గుర్తుపెట్టుకుంటే వెతుకులాట తగ్గుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్టువేరులో ఫ్రేముల రేటును స్థిరంగా ఉంచమని చెప్పి, ముందే ఫైలును మార్చుకుని, ఆ తర్వాతే కలపడం మంచిది. లేదా ఫ్రేముల రేటును స్థిరంగా ఉంచగల కెమెరా యాప్‌తోనే తీసుకోవాలి.

ఇంత గొడవ దేనికి, రికార్డరు హెడ్‌ఫోన్ సందు నుంచి తీగ తీసి కెమెరా మైకు సందులో పెడితే కలపాల్సిన పనే ఉండదు కదా అనవచ్చు. పెట్టవచ్చు, బల్ల మీది ఇంటర్వ్యూకు అది మంచి ఏర్పాటే. రికార్డరు ధ్వనిని బాగా తగ్గించి పంపితే కెమెరాలోనే వినదగ్గ మాట పడుతుంది, విడి ఫైలు రికార్డరులో ఉండనే ఉంటుంది. ఒకటి పోతే ఒకటి అన్న ధీమా కూడా. అయితే కెమెరా చేతిలో పట్టుకుని తిరిగే పనుల్లో ఆ తీగ మొదటి గంటలోనే ఎవరి కాలికో తగులుతుంది.

ఈ యంత్రం మైక్రో యూఎస్‌బీ కాలం నాటిది, కార్డు పరిమితి కూడా ఆ కాలానిదే. జూమ్ కంపెనీ 2024లో దీని వారసుడిగా హెచ్1ఎసెన్షియల్ తెచ్చింది: యూఎస్‌బీ-సి, 1 టీబీ వరకు కార్డు, 32 బిట్ ఫ్లోట్ రికార్డింగు. ఆ చివరిదే అసలు మార్పు. 24 బిట్‌లో స్థాయి ఎక్కువై తల తెగిన ధ్వనిని తిరిగి అతికించలేం. 32 బిట్ ఫ్లోట్‌లో హద్దు దాటినట్టు కనబడిన ధ్వనిని కూడా తర్వాత కిందికి దించుకుంటే రూపం చెడకుండా వస్తుంది, అందుకే దానిలో స్థాయి పెట్టే చక్రమే లేదు. ఫైలు మాత్రం మూడో వంతు పెద్దదవుతుంది. దానివల్ల మైకుల హద్దు పెరగదని కూడా తెలుసుకోవాలి: రెండింటి మైకులూ తట్టుకునేది 120 డెసిబెల్స్ వరకే, డప్పుల దరువుకు మరీ ఆనుకుని పెడితే ఏ బిట్టూ కాపాడదు. టైమ్‌కోడ్ అందులోనూ లేదు, పైన చెప్పిన కలిపే పద్ధతులన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇప్పుడు కొత్తగా కొనేవారు, ముఖ్యంగా కెమెరా, మైకు రెండూ ఒక్కరే చూసుకోవాల్సినవారు, హెచ్1ఎసెన్షియల్ వైపే చూడాలి. చక్రం మీద చేయి ఉంచడానికి రెండో మనిషి లేనప్పుడు ఆ సదుపాయానికి విలువ ఎక్కువ. హెచ్1ఎన్ ఇప్పటికే ఉన్నవారు దీన్ని పక్కన పెట్టాల్సిన అవసరమేమీ కనబడదు, ఆ డబ్బుతో బొచ్చు తొడుగు, మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కుంటే వినేవారికి తేడా ఎక్కువ తెలుస్తుంది. వాడిన యంత్రం చవకగా దొరికితే తీసుకోవచ్చు గాని కొనేచోటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డు నొక్కి, చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతూ గరగర వస్తోందేమో వినాలి, ఇన్‌పుట్ సందులో మైకు పిన్నును కదిలించి చూడాలి. బ్యాటరీల అర మూత తీసి, స్ప్రింగుల మీద ఆకుపచ్చ మరక ఉంటే బేరం అక్కడితో ఆపేయాలి.